పాయకు అటూ ఇటూ రెండు పొయ్యిలు

నా చెవులకు మొదట బంగారం పెట్టింది మా అత్త నరసాయమ్మ. పెళ్లిలో కాదు. కాపురానికి వచ్చిన మూడో రోజున, వంటింట్లో.

అప్పటికి నాకు పన్నెండేళ్లు. కోరంగి ఉప్పెనలో మా అమ్మా నాన్నా కొట్టుకుపోయారు. నన్ను ఎవరో కొబ్బరిచెట్టుకు పంచెతో కట్టేశారట, అందుకని మిగిలాను. మేనమామ ఇంట్లో పెరిగాను. ఆయన చెవులు కుట్టించాడు గానీ వాటిలో పెట్టడానికేమీ లేక తాటాకు ముక్కలు చుట్టి దూర్చారు. ఆ తాటాకు చుట్టలతోనే పెళ్లయింది. వాటితోనే వైనతేయ పాయ ఒడ్డున మా అత్తారింటి గడప తొక్కాను.

మా మామ గంగయ్యకు రెండు పడవలుండేవి. కులంలో పెద్దమనిషి. తక్కువ మాట్లాడేవాడు. ఆయన మిగిల్చిన మాటలన్నీ మా అత్తే మాట్లాడేది. పొడుగ్గా, బక్కగా, పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని ఊదుగొట్టం ఊదుతూ కూడా మధ్యమధ్య ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. తల ఊగినప్పుడల్లా చెవికమ్మల్లోని ఎర్రరాళ్లు మంట వెలుగులో తళుక్కుమనేవి. నేను పసుపుకొమ్ము నూరుతూ వాటినే చూస్తున్నాను.

"ఒసే పిల్లా, ఎన్నాళ్లైందే ఆ తాటాకులు మార్చి? పురుగు పట్టిపోయేయి" అంది.

"తెలీదండి" అన్నాను.

ఆవిడ ఊదుగొట్టం కింద పెట్టింది. రెండు చెవుల కమ్మలూ తీసి, నా తల తన ఒళ్లోకి లాక్కుని, ఉల్లిపాయ వాసన వేసే వేళ్లతో నా చెవులకు పెట్టింది. తర్వాత దూలానికి దోపి ఉన్న తాటాకుల్లోంచి ఒకటి చీల్చి, రెండు చుట్టలు చుట్టి తన చెవుల్లో దూర్చుకుంది. మళ్లీ ఊదుగొట్టం అందుకుంది.

అన్నానికి కూర్చున్న మామ అడిగాడు, "నీ కమ్మలేవే?"

"కూతురికిచ్చేను."

"మనకి కూతురెక్కడుంది?"

"ఇయ్యాలే పుట్టింది. అన్నం తిను" అంది మా అత్త.

మామ నా వైపు చూసి, తల వంచుకుని తిన్నాడు. ఆ పూట వంట ఏమిటో ఇప్పటికీ నాకు గుర్తే. కొబ్బరిపాలు పోసిన రొయ్యలు, చోడి సంకటి.

వంట నేర్పడంలో మా అత్తకు ఒక పద్ధతంటూ లేదు. పక్కన కూర్చోబెట్టుకునేది, అంతే. చేపల కుండలో గరిటె పెట్టబోతే చేతి మీద ఒకటి వేసేది. "కుండని తిప్పు, గరిటెని కాదు. చేప విరిగిపోతే అది పులుసు కాదు, కుడితి" అనేది. చింతపండు ఎంత వెయ్యాలని అడిగితే, "చేప ఎంతుంది, పులుపు ఎంతుంది, ఇంట్లో ఎవరికి ఒళ్లు బాగాలేదు, ఇవన్నీ చూసుకుని వెయ్యి" అనేది. నాకు ఏడుపొచ్చేది. రెండేళ్లు గడిచేసరికి ఆ కొలతలన్నీ నా చెయ్యే చూసుకోవడం మొదలుపెట్టింది. పొద్దున్నే మా అత్త తరవాణి కుండలోంచి చద్దన్నం తీసి, ఉప్పుచేప ముక్క కాల్చి, మొదటి ముద్ద నా నోట్లో పెట్టి గానీ మగాళ్లకు పెట్టేది కాదు. "వండేదాని కడుపు ముందు" అనేది. మా పేటలో అలా అనే అత్త ఇంకొకతె లేదు.

నాకు పదహారో ఏడు వచ్చేనాటికి ధవళేశ్వరం ఆనకట్ట పని ఒక దారికి వచ్చింది. కాలువ నీళ్లను వైనతేయ మీంచి దాటించి మా లంకల వైపు తేవాలని గన్నవరం దగ్గర పెద్ద కట్టడం మొదలుపెట్టారు. ఇటుక, సున్నం, రాయి అన్నీ పడవల మీదే చేరాలి. మా పడవలు రెండూ ఆ పనికే తిరిగేవి. పెద్ద పడవ మా ఆయన అప్పలస్వామి నడిపేవాడు. మధ్యాహ్నం అన్నం మూట నేను పట్టుకెళ్లేదాన్ని.

అక్కడ ఇటుక బట్టీ పక్కన ఒక తాటాకు పాక. నరసాపురం నుంచి మిషను దొరగారొకరు పడవ మీద వచ్చి, కూలీలు ఎంగిలి పడే వేళకు ఆ పాకలో కూర్చుని తన పుస్తకంలోంచి కథలు చదివి చెప్పేవారు. ఆయన తెలుగు ముక్కలు ముక్కలుగా ఉండేది. నవ్వుకునేవాళ్లు నవ్వుకునేవారు. మా ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. రేవులో తాగి వచ్చి నన్ను తిట్టే మనిషి ఆ వర్షాకాలం కల్లుకుండ ముట్టడం మానేశాడు. ఎందుకని అడిగితే, "విన్నది లోపలికి పోయింది" అన్నాడు. అంతకు మించి చెప్పడం ఆయనకు రాదు.

నేను ఆయన వెంట నడిచానని అందరూ అనుకున్నారు. మా మామ కూడా అలాగే అన్నాడు. కాదు. నేను విన్న కథ వేరు.

ఒకరోజు దొరగారు చెప్పారు. తన పుస్తకంలోని స్వామిని చంపేశాక ఆయన మనుషులు దిగాలుపడి తిరిగి వలలకే పోయారట. వాళ్లూ చేపలు పట్టేవాళ్లే. పొద్దుట దాకా వల వేసినా ఒక్కటీ పడలేదట. తెల్లారేసరికి ఒడ్డున ఎవరో నిలబడి ఉన్నాడు. చూస్తే ఆయనే, చచ్చి లేచి వచ్చినాయన. నిప్పులు రాజేసి, వాటి మీద చేప కాల్చి పెట్టి, వచ్చి తినండని వాళ్లను పిలిచాడట.

అన్నం మూట ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నీళ్లు మా అమ్మను తీసుకుపోయాయి. నీళ్ల మీద బతికేవాళ్లను ఒడ్డున నిలబడి ఎదురుచూసే దేవుడు ఒకడుంటాడని నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. నాకు ఏడుపు వచ్చింది. దుఃఖంతో వచ్చిన ఏడుపు కాదది.

ఆ సాయంత్రం ఇద్దరం వంకాయలు కోస్తుంటే ఆ కథ మా అత్తకు చెప్పాను. కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగింది.

"ఆయనే కాల్చేడా? ఎవరితోనైనా కాల్పించేడా?"

"ఆయనే అండి. ఒక్కడే ఉన్నాడంట."

"ఏం చేప?"

"అది చెప్పలేదండి."

"ఉప్పు రాసేడా?"

"అదీ చెప్పలేదు అత్తయ్యా."

"నిప్పుల మీద చేప కాల్చాలంటే పక్కనే కూర్చోవాలి. అటు తిరిగితే మాడిపోద్ది. అంత ఓపికున్నోడంటే మంచోడే అయ్యుంటాడు" అని మా అత్త మళ్లీ వంకాయ కోసింది.

ఆవిడ నన్ను ఆపకుండా ఆ దారిన వదిలేసింది ఆ ఒక్క మాటతోనేనని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను.

కార్తీకం వెళ్లాక మేమిద్దరం వైనతేయలోనే మునిగి బాప్తిస్మం తీసుకున్నాం. మా ఆయనకు లాజరు అని పేరు పెట్టారు. నా పేరు కాంతం, కాంతంగానే ఉండనిచ్చారు. కులం పంచాయితీకి కూర్చుంది. పెద్దమనిషి ఇంట్లోనే ఇలా జరిగితే ఇంకెవరికి చెప్పగలవని మా మామను అడిగారు. ఆయన ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, కొడుకు మొహం చూడకుండా అన్నాడు.

"చిన్న పడవ తీసుకో. పాయ అవతల పాక వేసుకో. నిప్పు గానీ నీళ్లు గానీ ఇక ఇచ్చిపుచ్చుకోడం లేదు."

మా అత్త గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ నోటి వెంట మాట రాకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పాయ అవతల అంటే ఎంతో దూరం కాదు. వైనతేయలోంచి చీలిన చిన్న పాయ. ఎండాకాలం మొలలోతు నీళ్లు. అవతల మా అత్త పొయ్యి వెలిగిస్తే పొగ కనిపిస్తుంది, పోపు వేస్తే వాసన వస్తుంది. అదే కష్టమయ్యింది. దూరం పోయినా బాగుండేది.

మాలాగే బాప్తిస్మం తీసుకుని వచ్చిన కుటుంబాలు అక్కడ ఆరు ఉండేవి. మా అందరికీ పెద్దదిక్కు మార్తమ్మగారు. నరసాపురం వైపు నుంచి వచ్చిన విధవరాలు. మంచి మనిషి. ఇసకలో వేలితో దిద్దించి నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. ఈ మాటలు నేను ఇలా రాయగలుగుతున్నానంటే ఆ చలవే. కానీ నియమం విషయంలో గట్టిది. ఒక ఆదివారం ప్రార్థన కూటమయ్యాక నన్ను పక్కకు పిలిచింది.

"కాంతం, చెవులకి బంగారమేంటమ్మా? మన అలంకారం లోపల ఉండాలి గానీ చెవులకి వేలాడకూడదు. మిగతా ఆడవాళ్లంతా తీసేసేరు, చూడు."

"ఇవి మా అత్తయ్యగారు పెట్టినవండి."

"ఎవరు పెడితే ఏంటి? తీయలేకపోతున్నావంటే నీ మనసు వాటి మీదున్నట్టే కదా."

ఆ మాట నన్ను పట్టుకుంది. నాకు కొత్త నమ్మకం. తప్పేదో ఒప్పేదో చెప్పేవాళ్లు చెబితేనే తెలిసేది. మర్నాడు కమ్మలు తీసి, కొంగున ముడివేసుకుని, పాయ దాటి మా అత్త పెరట్లోకి వెళ్లాను. ఆవిడ చేపలు తోముతోంది. తలెత్తి ముందు నా చెవుల్నే చూసింది.

"అత్తయ్యా, ఇవి మీ దగ్గరుంచండి. మేం పెట్టుకోకూడదంట."

"నా కొడుకేమైనా చచ్చేడా?" అంది మా అత్త.

"అవేం మాటలండీ!"

"మరి నువ్వెందుకే బోసి చెవుల్తో వచ్చేవు నా ఇంటికి? దేవుణ్ణి మార్చుకున్నారు, నేనేవన్నా అన్నానా? కులం పొమ్మంది, పోయేరు. అప్పుడూ అన్లేదు. ఇవి నీకు నేను దేవుడి పేరు చెప్పి ఇచ్చేనా? కూతురని ఇచ్చేను. కూతుర్ని కాదని తిరిగివ్వడానికొచ్చేవా?"

"అది కాదండీ, నా మాట..."

"పట్టుకుపో. ఇచ్చిన చేత్తో నేను తీసుకోను."

చేపల బుట్ట అక్కడే వదిలేసి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మధ్యాహ్నం దాకా పెరట్లో నిలబడ్డాను. తర్వాత వచ్చేశాను. కమ్మలు ఒక కొబ్బరి చిప్పలో పెట్టి, ఉప్పుకుండ పక్కన దాచాను. పెట్టుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు.

ఆ తర్వాత పదినెలలు మా అత్త నాతో మాట్లాడలేదు. నేను రేవులో ఉంటే ఆవిడ రేవుకు వచ్చేది కాదు. ప్రార్థన చేద్దామని కూర్చుంటే ముందుగా ఆవిడ మొహమే కనిపించేది. "స్వామీ, నేనేం తప్పు చేశాను? నీ మాట వినడం తప్పా, ఆవిడ మాట వినకపోవడం తప్పా?" అని అడిగేదాన్ని. వంట కూడా సరిగ్గా కుదిరేది కాదు. మా ఆయన ఒకరోజు పులుసు నోట్లో పెట్టుకుని, "ఇందులో అమ్మ లేదు" అన్నాడు. పాపం, తిట్టాలని కాదు.

దసరా వెళ్లి తూర్పుగాలి తిరిగింది. ఆ గాలి తగిలితే గోదావరి సముద్రంలో కలిసే మొగల్లోంచి చీరమేను ఎదురెక్కి వస్తుంది. బియ్యపు గింజంత చేప, తెల్లగా, కళ్లు మాత్రం నల్లటి చుక్కలు. ఏ వలలోనూ ఆగదు. పాత చీర చెరో కొసా పట్టుకుని నీళ్లలో ఈడిస్తేనే పడుతుంది. అంతకు ముందు ఐదేళ్లు నేనూ మా అత్తా ఒకే చీరకు రెండు కొసలు పట్టుకున్నవాళ్లమే.

ఆ పొద్దున పాత చీర తీసుకుని ఒక్కదాన్నే నీళ్లలో దిగాను. ఒక కొస కర్రకు కట్టి పాతాను, రెండో కొస పట్టుకుని తిరిగాను. కర్ర ఊడిపోయింది. మళ్లీ పాతాను. మళ్లీ ఊడింది. అవతల గట్టు మీద మా అత్త కూడా చీర చంకన పెట్టుకుని నిలబడి ఉంది. ఆవిడకూ తోడు లేదు. కొడుకు లేని ఇంట్లో మామ పడవ మీదికి పోతే ఆవిడొక్కతే.

నేను చూడనట్టు ఇంకోసారి కర్ర పాతబోయాను.

"కర్రకేం తెలుసే చీరమేను సంగతి?" అని వినిపించింది.

వెనక్కి తిరిగితే మా అత్త నడుములోతు నీళ్లలో నా వెనకే ఉంది. నా చీర రెండో కొస అందుకుంది. "వంచు, వంచు. అడుగుకి తగలాలి. అన్నీ మర్చిపోయేవు" అని తిట్టింది. ఈడ్చాం. చీర మధ్యలో వెండి పోసినట్టు చీరమేను మెరిసింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ మాత్రం నా చెవుల వైపు చూడకుండా చీరమేనునే చూసింది.

"నిప్పూ నీళ్లూ ఇచ్చిపుచ్చుకోకూడదన్నారు. చీర సంగతి ఎవరూ చెప్పలేదు" అంది.

సగం ఆవిడ బుట్టలోకి, సగం నా బుట్టలోకి. ఎవరి గట్టుకు వాళ్లం వెళ్లాం. ఎవరి పొయ్యి వాళ్లం వెలిగించాం. కాసేపటికి పాయ అవతల నుంచి కేక.

"చింతకాయలు దంచేవా?"

"ఆయ్, దంచేనండి!"

"గింజ పడనిచ్చేవా?"

"లేదండి!"

"నూనె ఎక్కువ పోసుకో! మీ దేవుడు వద్దన్లేదు కదా!"

"లేదండి!" అని నవ్వాను. పక్క పాకలోంచి మార్తమ్మగారు తొంగిచూసింది.

అప్పటి నుంచి అదే మా అలవాటు. కలిసి తినకూడదు, కలిసి వండకూడదు. కానీ గాలికి కులం లేదు కదా. అటో పొయ్యి, ఇటో పొయ్యి, మధ్యలో నీళ్ల మీంచి మా మాటలు. ఎవరింట్లో ఏం వండారు, పనసకాయ ఎక్కడ దొరికింది, తేగలు తంపటేసి కాల్చడానికి సిద్ధమయ్యాయా, అన్నీ కేకల మీదే. ఒక్కోసారి, "మీ స్వామి ఇవాళ ఏం చెప్పేడే?" అని అడిగేది. నేను చదవడం నేర్చుకున్న ముక్క చెప్పేదాన్ని. నచ్చితే "ఊఁ" అనేది. నచ్చకపోతే, "ఆ మాట మగోళ్లు కలిపుంటారు" అనేది. కమ్మల మాట మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు.

రెండో వేసవిలో వాంతిభేది వచ్చింది. ఏ పడవ తెచ్చిందో ఎవరికీ తెలియదు. ముందు రాజోలు వైపు అన్నారు, తర్వాత మా పేటలోనే నాలుగిళ్లలో అన్నారు. మిగిలినవాళ్లు పిల్లల్ని తీసుకుని లంకల్లోకి పోయారు. ఒక పొద్దున మా అత్త పొయ్యి నుంచి పొగ లేవలేదు. కేకేశాను. పలకలేదు.

మా ఆయన సున్నం పడవతో గన్నవరంలో ఉన్నాడు. నేను పాయ దాటాను. ఇంట్లో ఇద్దరూ నేల మీదే పడి ఉన్నారు. మామ కళ్లు లోతుకు పోయాయి. అత్త పెదవులు ఎండి చీలిపోయాయి. మందు నాకు తెలియదు. తెలిసింది ఒక్క వంటే. కుండెడు బియ్యపు గంజి కాచి, పల్చగా తేర్చి, ఉప్పు వేసి, కాస్త బెల్లం కలిపాను. ఆవిడే చెప్పేది, ఒళ్లు బాగాలేని వాళ్లను చూసి వెయ్యాలని. కొబ్బరి చిప్పతో చుక్కచుక్కగా పోయడం మొదలుపెట్టాను.

అత్త తాగింది. మామ పళ్లు బిగించాడు.

"మావయ్యగారూ, నా చేత్తో వద్దనుకుంటే ఆవిడ చేత్తో పోయించేదాన్నే, కానీ ఆవిడ లేవలేకపోతోంది. తాగండి" అన్నాను.

ఆయన నోరు తెరిచాడు. ఒక గుక్క మింగి, "ఉప్పు సరిపోయింది" అన్నాడు. నన్ను ఉద్దేశించి ఆయన మాట్లాడి రెండేళ్లయింది.

నాలుగు రోజులు అక్కడే ఉన్నాను. రెండో రోజున మార్తమ్మగారు కూడా వచ్చింది. ఎవరూ పిలవలేదు. గుమ్మం బయట నిలబడి, "నేను బట్టలు ఉతుకుతాను, నువ్వు గంజి చూడు" అంది. అత్త లేచి కూర్చుంది. మామ మాత్రం మూడో రోజు మధ్యాహ్నం పోయాడు. పోయేముందు, కబురంది గన్నవరం నుంచి వచ్చిన కొడుకును పట్టుకుని, "అప్పలసామీ" అన్నాడు. లాజరు అనమని ఎవరూ చెప్పలేదు.

కర్మకు కులం వాళ్లు వచ్చారు. నా చేతి గంజి మాట కూడా వచ్చింది. పోలిరాజుగారని ముసలాయన, మామకు జతగాడు, "చావుబతుకుల్లో తాగినదానికి తప్పేంటి? మనమెవరం పొయ్యలేదు కదా" అన్నాడు. అందరూ తలలు దించుకున్నారు.

పదో రోజున ఆడవాళ్లు వచ్చి మా అత్త గాజులు పగలగొట్టారు. మెడలోవి తీశారు. ఒకామె చెవుల వైపు చెయ్యి చాపింది.

"ఇవి తాటాకులే" అంది మా అత్త.

"ఏవైనా తీసెయ్యాలి" అంది ఆమె.

తాటాకు చుట్టలు రెండూ లాగేశారు. సాగిన చెవి తమ్మెలు, వాటిలో ఖాళీ చిల్లులు. నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను. ఆ బోసి చెవులు చూస్తుంటే, నా చెవులు చూసిన రోజున ఆవిడకేమైందో అప్పుడు తెలిసింది.

అందరూ వెళ్లాక ఆవిడ గోడకు చేరబడి అంది, "నా చెవులు వాళ్లు బోసి చేసేరు. నీవి నువ్వే చేసుకున్నావు. ఉన్నది ఇద్దరాడోళ్లం. ఇద్దరం ఇలాగేనా?"

నేను పాయ దాటాను. ఉప్పుకుండ పక్కన కొబ్బరి చిప్ప తీశాను. చిల్లులు కాస్త పూడుకుపోయాయి, కొబ్బరినూనె రాసి దూర్చుకుంటే నెత్తురు చిమ్మింది. కమ్మలతోనే తిరిగి వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ రెండు చేతులతో నా మొహం పట్టుకుని చెవులు నిమిరింది. చాలాసేపు ఏడ్చింది. మామ పోయాక ఆవిడ ఏడవడం అదే మొదలు.

ఆదివారం కూటానికి అలాగే వెళ్లాను. మార్తమ్మగారు చూసింది. అందరూ వెళ్లేదాకా ఆగి దగ్గరికి వచ్చింది.

"మళ్లీ పెట్టుకున్నావా? ఎవరి కోసం?"

"మా అత్తయ్య కోసమండి."

"దేవుడి కంటే ఆవిడ ఎక్కువా?"

"కాదండి. అమ్మని నీళ్లు తీసుకుపోయేక ఆవిణ్ణి నాకిచ్చింది ఆయనే కదండీ. మీరు తీయమన్నప్పుడు నా నమ్మకం మీ నోట్లో ఉంది, తీసేసేను. ఇప్పుడు నాలోనే ఉంది. ఆయన్ని అడిగే పెట్టుకున్నాను. తప్పైతే ఆయనకే చెప్పుకుంటాను."

మార్తమ్మగారు నా పక్కన కూర్చుంది. "నేను మొగుడు పోయిన రోజునే అన్నీ తీసేసేను కాంతం. ఈ దారికి వచ్చేక తీసినవి కావు. అందుకే నాకది కష్టమనిపించలేదు. మీ అందరికీ ఎంత కష్టమో నేను ఆలోచించలేదు" అంది. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత కొత్తగా వచ్చిన ఆడవాళ్లను కూడా చెవుల గురించి అడగలేదు.

మా అత్త పాయ ఇవతలికి వచ్చేసింది. మొదట్లో, "నా పొయ్యి నాది" అని వేరే పొయ్యి వేసుకుంది. రెండు వారాలు ఒకే పాకలో రెండు పొయ్యిలు మండాయి. ఒక వానరోజు కట్టెలు తడిసిపోయి తన పొయ్యి అంటుకోకపోతే కుండ తెచ్చి నా పొయ్యి మీద పెట్టింది. ఇక తీసుకెళ్లలేదు. కులం వాళ్లు ఒకటి రెండు సార్లు కబురు పెట్టి ఊరుకున్నారు.

ఇంకా పదకొండేళ్లు బతికింది. నా ఇద్దరు కూతుళ్లనూ ఆవిడే పెంచింది. బాప్తిస్మం తీసుకోమని దొరగారు ఒకసారి అడిగితే, "పుట్టిందగ్గర్నుంచీ నీళ్లలోనే ఉన్నానండి బాబూ, ఇంకా ఎక్కడ ముంచుతారు?" అంది. ఆయన కూడా నవ్వేశారు. మా ప్రార్థనకు పక్కన కూర్చునేది. మేం కళ్లు మూసుకుంటే ఆవిడ తెరుచుకునే ఉండేది, పొయ్యి మీద అన్నం చూసుకోడానికి.

మాఘమాసంలో మాత్రం అంతర్వేది తీర్థానికి వెళ్లాల్సిందే. అక్కడి గుడిలో స్వామి పేరే ఆవిడకు పెట్టారు. మా ఆయన పడవ మీద తీసుకెళ్లేవాడు, నేనూ వెళ్లేదాన్ని. ఆవిడ గుడికి పోతే నేను రేవులో పడవ పక్కన ఇసకలో కూర్చునేదాన్ని. వెళ్లడం నా మనసుకు రాదు, ఆవిణ్ణి ఒంటరిగా పంపడమూ రాదు. ఆఖరి ఏడు ఆవిడ మోకాళ్లు పట్టేశాయి. నడవలేదని తెలిసి మార్తమ్మగారు కూడా పడవెక్కింది. నాకు ఆశ్చర్యమేసింది. జనంలో మా అత్త రెక్క పట్టుకుని గుడి వీధి మొదటిదాకా నడిపించి, అక్కడ ఆగి, తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కడిదాకానే వెళ్లేను" అంది, ఎవరో అడిగినట్టు.

"ఆయ్" అన్నాను.

పొద్దు వాలుతుంటే ఇద్దరం జనంలోకి చూస్తూ కూర్చున్నాం. మా అత్త ఎంతకూ రాలేదు. మార్తమ్మగారు రెండుసార్లు లేచి చూసి వచ్చింది. చివరికి ఎవరో చుట్టుపక్కల ఊరి ఆడమనిషి భుజం మీద చెయ్యి వేసుకుని, ఆ మనిషికి చింతకాయ పచ్చడి ఎలా నూరాలో చెబుతూ వచ్చింది. మమ్మల్ని చూసి, "ఇక్కడే కూర్చున్నారా ఇంతసేపూ? మీకు పనీ పాటా లేదా?" అంది. పోటు నీళ్లు తీయకముందే బయలుదేరాలని మా ఆయన కేకేశాడు. మార్తమ్మగారు ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుని ఆవిణ్ణి పడవలోకి దించాం.